అడుగెత్తు ఎగిరిన ఇనుపరెక్క

మానవజాతికి చెత్త సినిమా చేసిన మేలు మంచి సినిమా ఏనాడూ చేయలేదు.

కోప్పడకండి, ముందు వినండి. మంచి సినిమా చూసి బయటికొచ్చినవాడి గతి ఏమిటి? ఆ తర్వాత చూసే ప్రతి సినిమా వాడికి చప్పగా ఉంటుంది. కథ లేదంటాడు, పాటలు బాగాలేవంటాడు, పక్కవాణ్ణి కూడా చూడనివ్వడు. అదే చెత్త సినిమా చూసినవాడో? ఇక జీవితమంతా పండగే! హీరో పెదాలూ మాటలూ కలిస్తే పండగ. విలన్ ఎందుకు విలన్ అయ్యాడో అర్థమైతే పండగ. తెర మీద బొమ్మ, హాల్లో ఏసీ రెండూ ఒకేసారి పనిచేస్తే దసరా, క్రిస్మస్ కలిసి వచ్చినట్టే!

ఇది సినిమాల సంగతే అనుకునేరు. సైబరాబాద్‌లో మనం బతుకుతున్నదే ఈ సూత్రం మీద. పొద్దున్నే బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఆగిన కారు ఒక పాట అయ్యేలోపు కదిలితే లోపలి మనిషి కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటాడు. ఆఫీసు మెషీన్ పోసిన వేడినీళ్లకు కాస్త కాఫీ రంగుంటే "ఇవాళ బాగుందే!" అంటాం. వానాకాలంలో అండర్‌పాస్ కింద నీళ్లు మోకాళ్ల దాకానే ఉంటే, "ఈసారి పర్లేదు, బాగానే పనిచేశారు" అని మెచ్చుకుంటాం. నడుం దాకా చూసినవాళ్లం కదా మరి! ఇంతటి ఆనందం ఏ దేశంలో దొరుకుతుంది చెప్పండి?

ఈ ఆనందాన్ని ఒక శాస్త్రంగా మలిచిన మహానుభావుడు మన మధ్యే ఉన్నాడు. పేరు స్టీఫెన్. సొంతూరు ఏలూరు పక్కన. నల్లగండ్లలో ఫ్లాటు, హైటెక్ సిటీలో ఉద్యోగం. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టీముకు ఆయన లీడ్. భార్య లీదియా ఆసుపత్రిలో నర్సు. కూతురు బ్లెస్సీ మూడో తరగతి. వీళ్లు ముగ్గురూ కాక ఆ ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. ఆయన పేరు ఇనుపరెక్క.

ఇనుపరెక్క సినిమా హీరో. వీపు మీద ఇనుప రెక్కలు మొలిపించుకుని, ఎగురుకుంటూ వెళ్లి, జనాన్ని కాపాడతాడు. స్టీఫెన్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మొదటి సినిమా వచ్చింది. అప్పటి నుంచి ఆయన ఇనుపరెక్క భక్తుడు. పెళ్లయ్యాక పోస్టర్‌ను హాల్లో తగిలిస్తే లీదియా ఏమీ అనలేదు. మెల్లగా అది బెడ్‌రూమ్‌లోకి, అక్కడి నుంచి వాషింగ్ మెషీన్ పెట్టిన బాల్కనీలోకి చేరింది. ఇప్పుడు ఇనుపరెక్క అక్కడే, ఆరేసిన యూనిఫాముల వెనక నుంచి లోకాన్ని కాపాడుతున్నాడు.

భక్తుడి కష్టాలు తర్వాతి సినిమాలతో మొదలయ్యాయి. రెండోది బ్రహ్మాండం. మూడోది పర్లేదు. నాలుగో దాంట్లో ఇనుపరెక్కకు కవల తమ్ముడు ఊడిపడ్డాడు, వాడికి ఇత్తడి రెక్కలు. ఐదో దాంట్లో విలన్ ఒక మేఘం. మేఘంతో పిడిగుద్దులాట ఎలా ఉంటుందో మీరు ఊహించలేరు. తీసినవాళ్లు కూడా ఊహించలేకపోయారు! ఆ సినిమా చూసొచ్చిన స్టీఫెన్ ముఖం చూసి, ఏలూరులో ఎవరో పోయారేమో అనుకుని లీదియా పెట్టె సర్దబోయింది.

అటువంటి సమయంలో ప్రకటన వచ్చింది. 'ఇనుపరెక్క: ఆరంభం'. ప్రీక్వెల్ అట! కథను ముందుకు నడిపించే దారి మూసుకుపోయినప్పుడు రివర్స్ గేర్ వేయడాన్ని సినిమావాళ్లు ప్రీక్వెల్ అంటారు. ఇనుపరెక్కకు రెక్కలు రాకముందు ఏం జరిగిందన్నదే కథ. యాభై దాటిన హీరో ఇందులో పాలిటెక్నిక్ కుర్రాడు.

మనలాంటి మామూలు మనిషైతే టికెట్ కొనడం మానేస్తాడు. స్టీఫెన్ అలా చేయలేదు. తన ఆశను తానే పద్ధతి ప్రకారం తగ్గించుకోవడం మొదలుపెట్టాడు. ట్రైలర్ చూడలేదు, కానీ ట్రైలర్ కింద జనం పెట్టిన తిట్లన్నీ చదివాడు. ఏ సినిమా నచ్చని దినేశ్ అనే సహోద్యోగి పక్కన కూర్చుని రోజూ లంచ్ చేశాడు. సినిమాకు వెళ్లే రోజు, నిద్ర బాగా పట్టాలని పెరుగన్నం తిని, విమానంలో మెడకు పెట్టుకునే దిండు కూడా తీసుకెళ్లాడు.

"నచ్చదని ఫిక్సయ్యాక ఎందుకు బ్రో టికెట్టు?" అన్నాడు దినేశ్.

"ఎంత నచ్చదో చూడాలి కదా" అన్నాడు స్టీఫెన్.

ఇక ఇద్దరూ కలిసి వెళ్లిన కొండాపూర్ మల్టీప్లెక్స్‌లో జరిగింది వినండి. హీరో విగ్గు ఊడలేదు! ఊడకపోవడమే కాదు, గాలి వీచినప్పుడు కదిలింది కూడా! కథ బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో జరుగుతుంది. అక్కడ లేత్ మెషీన్ మీద పనిచేసే కుర్రాడు పాత ఇనుముతో రెక్కలు చేస్తాడు. తగిలించుకుని షెడ్డు కప్పు మీద నుంచి దూకుతాడు, పడతాడు. మళ్లీ చేస్తాడు, మళ్లీ పడతాడు. కవల తమ్ముడు లేడు, మేఘం లేదు, మంచు కొండల్లో పాట లేదు. చిట్టచివర, తెర పడబోయే ముందు, ఆ కుర్రాడు నేల మీద నుంచి అడుగెత్తు లేచాడు.

అంతే. అడుగెత్తు! గత సినిమాల్లో చంద్రుడి దాకా వెళ్లొచ్చిన మనిషి అడుగెత్తు లేచేసరికి హాలు హాలంతా లేచి నిలబడింది. ఈలలు, కేకలు, చింపిన కాగితాలు! స్టీఫెన్ మెడదిండును గాల్లోకి ఎగరేసి, దినేశ్ భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఏ సినిమా నచ్చని దినేశ్ కూడా కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అంత దరిద్రంగా లేదు బ్రో" అన్నాడు. దినేశ్ నోట అది జాతీయ పురస్కారంతో సమానం.

తిరిగి వస్తూ స్టీఫెన్‌కు జ్ఞానోదయమైంది. ఆ సినిమా గొప్పది కాదు. తను ఏమీ ఆశించలేదు, అందుకే గొప్పగా ఉంది. అంటే, మహాశయులారా, మనిషి గొప్పవాడు కావడానికి గొప్ప పనులు చేయనక్కర్లేదు. ఎదుటివాడి ఆశను ముందే నేల మీదకు దించి, తను అడుగెత్తు లేస్తే చాలు! ఎంత చవకైన మార్గం!

నిజానికి ఆఫీసులో ఈ విద్య ఎప్పటి నుంచో ఉంది. దానికి బఫర్ అని పేరు. రెండు రోజుల పనికి వారం పడుతుందని చెప్పి, నాలుగో రోజు ఇచ్చేసి, క్లయింటు చేత థాంక్స్ చెప్పించుకోవడమే బఫర్. స్టీఫెన్ మేనేజర్ సంయుక్త ఇందులో ఆరితేరిన మనిషి. కొత్తగా చేరినవాళ్లకు ఆవిడ చెప్పే మొదటి పాఠం అదే.

"అవుతుందని ఎప్పుడూ చెప్పకండి. కష్టమని చెప్పి చేసి చూపించండి. అప్పుడే వేల్యూ!"

ఇంత గొప్ప విద్యను ఆఫీసులోనే ఎందుకు వదిలేసి రావాలి? స్టీఫెన్ దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. "ఇవాళ పది దాటుతుంది" అని ఫోన్ చేసి ఎనిమిదింటికల్లా గుమ్మంలో నవ్వుతూ నిలబడేవాడు. "ఈ ఆదివారం ఆరాధనకు రావడం డౌటే పాస్టర్ గారూ" అని చెప్పి, ఆఖరి కీర్తనకు చేరుకునేవాడు. పాస్టర్ గారు అందరి ముందూ దేవునికి స్తోత్రం చెల్లించేవారు. మొదటి నుంచీ కూర్చున్నవాళ్ల కోసం ఎవరైనా అలా స్తోత్రం చెల్లించగా విన్నారా? లేదు కదా! అదీ బఫర్ మహిమ!

లీదియా ఒక్కతే లొంగలేదు.

"ఏవండీ, ఆరింటికి రావాల్సిన మనిషి ఎనిమిదింటికి వచ్చి, ముందే వచ్చానంటే ఎలాగండీ? మా వార్డులో ఇలా చెబితే పేషెంట్లు ఊరుకుంటారా?"

"పదన్నాను, ఎనిమిదింటికి వచ్చాను. రెండు గంటలు లాభం కదా నీకు?"

"ఆ లాభమేదో మీరే ఉంచుకోండి" అని ఆవిడ కుక్కర్ మూత తీసింది. గొప్ప సిద్ధాంతాలకు ఇంట్లో ఆదరణ ఉండదు.

ఇలా ఉండగా బ్లెస్సీ స్కూల్లో వార్షికోత్సవం వచ్చింది. అందులో 'మా నాన్నే నా సూపర్ హీరో' అని ఒక అంకం. తండ్రీ బిడ్డా సూపర్ హీరో వేషాల్లో స్టేజీ ఎక్కి ఒక పాటకు డాన్స్ చేయాలి. అమ్మలకు వేరే అంకం ఉంది, ఇది తండ్రులకే. బ్లెస్సీ డైరీ పట్టుకుని వచ్చి ల్యాప్‌టాప్ ముందు నిలబడింది.

"డాడీ, నువ్వొస్తవా రావా? ఫైనల్ చెప్పు. మిస్‌కి చెప్పాలె."

పిల్ల పుట్టింది, పెరుగుతున్నది హైదరాబాద్‌లో. ఆటోలో, స్కూల్లో విన్న భాష అది. స్టీఫెన్ గుండె ఆనందంతో కొట్టుకుంది. ఇనుపరెక్కగా స్టేజీ ఎక్కడమంటే ఆయన ఇరవై ఏళ్ల కల! కూతురి పక్కన ఎక్కడమంటే ఇక చెప్పాలా? వస్తానని నోటిదాకా వచ్చింది. కానీ నిపుణుడు కదా, ఆపుకున్నాడు. ఇప్పుడే వస్తానంటే ఆ రోజు వచ్చినప్పుడు కొత్తేముంటుంది? రానని చెప్పి, ఆఖరి క్షణంలో రెక్కలతో ప్రత్యక్షమైతే ఆ చిన్న ముఖం ఎలా వెలిగిపోతుందో!

"కష్టం రా బంగారం. ఆ రోజు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. డాడీ రాడనే అనుకో" అన్నాడు, ముఖం వీలైనంత దిగులుగా పెట్టి.

బ్లెస్సీ ఏడవలేదు. అలగలేదు. "ఓకే" అని డైరీ మూసి వెళ్లిపోయింది. స్టీఫెన్‌కు ఒక్క క్షణం ఏదోలా అనిపించింది. కాస్తయినా ఏడుస్తుందనుకున్నాడు మరి. అంతలోనే సర్ది చెప్పుకున్నాడు. ఆశ ఇంత సులువుగా కిందికి దిగిందంటే పని చక్కగా సాగుతున్నట్టే కదా!

ఆ మర్నాటి నుంచి రహస్య ఏర్పాట్లు. వార్షికోత్సవం జరిగే శుక్రవారానికి లీవు పెట్టాడు. ఆన్‌లైన్లో రెక్కలు తెప్పించాడు. ఛాతీ మీద బటన్ నొక్కితే అవి చటుక్కున రెండు వైపులా విచ్చుకుంటాయి, అంచుల వెంట నీలం లైట్లు వెలుగుతాయి. స్కూలు వాళ్లు పంపిన పాటకు ఆఫీసు సెల్లార్‌లో, రెండు కార్ల మధ్య నిలబడి స్టెప్పులు ప్రాక్టీసు చేశాడు. లీదియాకు కూడా చెప్పలేదు. చెబితే ఆవిడ పిల్లకు చెప్పేస్తుంది, సర్‌ప్రైజ్ పాడవుతుంది.

శుక్రవారం వచ్చింది. కారు స్కూలు పక్క సందులో ఆపి, లోపలే వంగి ఒదిగి వేషం వేసుకున్నాడు. బయట కాలు పెట్టగానే టిఫిన్ సెంటర్ దగ్గర దోసెలు తింటున్నవాళ్లు ప్లేట్లు పక్కన పెట్టి ఫోన్లు తీశారు. ఎవరో ఈల వేశారు. స్టీఫెన్ చెయ్యి ఊపుతూ గేటు దగ్గరికి చేరాడు. కొత్తగా చేరిన గేటు కాపలా మనిషి ఆయనను కింది నుంచి పై దాకా చూశాడు.

"ఏ షాపు తరఫున వచ్చినవన్నా? పాంప్లెట్లు లోపట పంచద్దు."

"షాపు కాదండీ, పేరెంట్‌ని. మూడో తరగతి బ్లెస్సీ డాడీని."

కాపలా మనిషి నవ్వాడు. "గట్లెట్ల? బ్లెస్సీ డాడీ ఇందాకనే లోపటికి పోయిండు గదా!"

స్టీఫెన్‌కు ముందు నవ్వొచ్చింది. ఈయన ఎవరినో చూసి ఎవరో అనుకున్నాడు, పోనీలే అనుకున్నాడు. ఐడీ కార్డు చూపించి, ఫోన్లో కూతురి ఫొటో చూపించి లోపలికి వెళ్లాడు. హాలు నిండా జనం. మైకులో మిస్ గొంతు వినపడుతోంది.

"నౌ, బ్లెస్సీ అండ్ హర్ సూపర్ డాడ్!"

స్టేజీ మీదకు బ్లెస్సీ వచ్చింది. పక్కన ఇనుపరెక్క వచ్చాడు. అట్టపెట్టెలు కోసి, వెండిరంగు కాగితం అంటించిన రెక్కలు. ఒక రెక్క మీద కాగితం లేచిపోయి, 'ఈ వైపు పైకి' అన్న బాణం గుర్తు కనిపిస్తోంది. లోపల ఖాకీ చొక్కా. మనిషి ఎవరో కాదు, రాజేందర్. బోరబండలో ఉంటాడు, రోజూ బ్లెస్సీని, ఆ వీధి పిల్లల్నీ స్కూలుకు దింపే ఆటో డ్రైవర్.

పాట మొదలైంది. రాజేందర్‌కు స్టెప్పులు సగమే వచ్చు. మిగతా సగం పక్కనున్న పిల్లను చూసి వేస్తున్నాడు. తప్పు వేసినప్పుడల్లా బ్లెస్సీ నడుం మీద చేతులు పెట్టుకుని గుడ్లురుముతోంది, ఆయన చెవులు పట్టుకుంటున్నాడు, హాలు గొల్లున నవ్వుతోంది. చివర్లో ఆయన పిల్లను భుజాల మీదకు ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. ఆమె రెండు చేతులూ చాచి, కళ్లు మూసుకుని, నిజంగా ఎగురుతున్నట్టే నవ్వింది. ఆ నవ్వు స్టీఫెన్ ఎరుగడు. కూతురి ముఖంలో అది ఎప్పుడూ చూడలేదు.

ఆయనకు తెలియకుండానే చెయ్యి ఛాతీ మీదకు వెళ్లింది. బటన్ నొక్కుకుపోయింది. చటుక్కున రెక్కలు విచ్చుకున్నాయి, లైట్లు వెలిగాయి. వెనక వరసలో ఒక అమ్మ ఆయన మోచేతి మీద తట్టింది.

"జర రెక్కలు మడుసుకోండ్రన్నా. స్టేజీ కనబడ్తలేదు."

స్టీఫెన్ రెక్కలు మడుచుకున్నాడు. అవి విచ్చుకున్నంత సులువుగా మడతపడవు. గోడ వైపు తిరిగి, ఒక్కొక్కటే చేత్తో వంచి లోపలికి తోసుకోవాల్సి వచ్చింది. చప్పట్లు మోగుతున్నంతసేపూ ఆయన ఆ పనిలోనే ఉన్నాడు.

ముందు వరసలో కూర్చుని వీడియో తీస్తున్న లీదియా, అంకం అయ్యాక వెనక్కి తిరిగి చూసింది. మొగుణ్ణి ఆ వేషంలో చూసి లేచింది. దగ్గరికొచ్చి రెక్క తాకి చూసింది.

"అయ్యో, ఇదేంటండీ? రానన్నారు కదా!"

"సర్‌ప్రైజ్" అన్నాడు స్టీఫెన్. "నాకొక మాట చెప్పొచ్చు కదా, రాజేందర్ వస్తున్నాడని?"

"ఏం చెప్పమంటారు? మీరు రానన్నాక పిల్లే మిస్‌తో మాట్లాడుకుంది, పిల్లే మనిషిని వెతుక్కుంది. మీ రిలీజ్ ఉందన్నారు, మధ్యలో ఎందుకులే అనుకున్నా."

అంతలో బ్లెస్సీ పరిగెత్తుకొచ్చింది. "డాడీ! నువ్వొచ్చినవా! నేను అస్సలు అనుకోలే!" అని గెంతి నడుం చుట్టేసింది. ముఖం వెలిగిపోతోంది. కళ్లు మెరుస్తున్నాయి. ఆయన ఎలా ఊహించుకున్నాడో అచ్చం అలాగే ఉంది ఆ ముఖం. డాన్స్ చూశాడా అని కూడా అడగలేదు. వచ్చాడు, అంతే చాలు ఆ పిల్లకి.

వెనకాలే రాజేందర్ అట్ట రెక్కలు చంకలో పెట్టుకుని, తప్పు చేసినవాడిలా వచ్చాడు.

"సార్, ఏమనుకోకుండ్రి. నేను వద్దనే అన్న. గీ వయసుల నాకు డాన్సేంది బిడ్డా, మీ డాడీని అడుగు అన్న. పాప ఇనలే సార్. 'అంకుల్, నువ్వైతే రోజూ వస్తవ్ గదా' అన్నది. ఇగ కాదన బుద్ధి కాలే."

చూశారా మహాశయులారా, సిద్ధాంతం ఎంత పక్కాగా పనిచేసిందో! రాడనుకున్న మనిషి వచ్చాడు. ఏమీ ఆశించని పిల్ల ఆనందంతో గంతులేసింది. కానీ స్టీఫెన్ మాత్రం రాజేందర్ చంకలోని అట్ట రెక్కల్నే చూస్తున్నాడు. తప్పులు పట్టడమే వృత్తి అయిన మనిషి, ఇన్నాళ్లూ తన సిద్ధాంతంలో తప్పు పట్టలేకపోయాడు. ఆశ తగ్గించుకోవడం చూసేవాళ్లకు సుఖమే. చూసేవాళ్ల చేత తగ్గింపజేయడం చేసేవాడికి ఇంకా సుఖం. మేఘాన్ని విలన్‌గా పెట్టినవాడు ఇవాళ అడుగెత్తుకు చప్పట్లు కొట్టించుకుంటున్నది అందుకే. ఊళ్లో రోడ్లు వేసేవాళ్లూ, అపార్ట్‌మెంటుకు నీళ్లు వదిలేవాళ్లూ హాయిగా నిద్రపోతున్నది అందుకే. అయితే వాళ్లను మనం డాడీ అని పిలవం. ఆ ఒక్క తేడా మన నిపుణుడి లెక్కలోకి రాలేదు.

స్టీఫెన్ కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"బ్లెస్సీ, వచ్చే సంవత్సరం నేనే వస్తా. కష్టం అనను, చూద్దాం అనను. వస్తా. పక్కా."

"ఓకే డాడీ!" అని బ్లెస్సీ ఆయన బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టింది. చెమటతో తడిసిన ఆయన జుట్టు ప్రేమగా సరిచేసింది. ఆ తర్వాత, గేటు వైపు నడుస్తున్న రాజేందర్ వెనకాల పరిగెత్తింది. నాన్నకు వినపడితే బాధపడతాడని గొంతు బాగానే తగ్గించింది, పాపం. కానీ హాలు అప్పటికే సగం ఖాళీ అయింది.

"అంకుల్, ఆ రెక్కలు పారెయ్యకు. దాచిపెట్టు."